నీలం గళ్ళ మూట

మా అమ్మాయి పెద్దపేగు తీసేయాలా, ఉంచాలా అన్న వాదనలో చివరికి ఉంచడమే నెగ్గింది. పోయినసారి కథ అక్కడ ఆగింది. నెగ్గిందనడం కొంచెం పెద్ద మాటే. సర్జన్ గారు ఆపరేషన్ తేదీని కొట్టేయలేదు, కొన్నాళ్ళు వాయిదా వేశారు. ఆ దొరికిన వ్యవధిలో మార్పిడి చేసి చూద్దామని డాక్టరమ్మ అన్నారు. దాతగా అమ్మాయి మేనమామ ముందుకొచ్చాడు. ఆ తర్వాత నాలుగు మంగళవారాలు గడిచాయి. ఇది అయిదోది.

కొత్తగా చదువుతున్నవారి కోసం ఆ మార్పిడి ఏమిటో చెప్పాలి. ఇంట్లో మేమెవరం దాని పూర్తి పేరు పలకం. ఆరోగ్యంగా ఉన్న మనిషి మలంలో కంటికి కనిపించని జీవాలు కోట్ల కొద్దీ ఉంటాయట. మనం తిన్నదాంట్లో తమ వాటా తీసుకుని, బదులుగా అవి మన పేగును కాపాడుకొస్తాయట. అమ్మాయి పేగులో ఆ కాపురం చెదిరిపోయింది. లోపలి పొర పుండు పడి రక్తం కారేది. అందుకని ఆరోగ్యవంతుడి మలాన్ని తెచ్చి, సెలైన్ నీళ్ళలో కలిపి, వడకట్టి, సన్నని గొట్టంతో తన పేగులోకి ఎక్కిస్తారు. వారానికొకసారి. కుదురుకుంటే ఆ జీవాలు అక్కడ కొత్త కాపురం పెడతాయి. కుదురుకోకపోతే లేదు. ఇది ఇంకా పరిశోధనలో ఉన్న వైద్యమని, ముగ్గురు నలుగురిలో ఒకరికి పని చేస్తే గొప్పని డాక్టరమ్మ మొదటిరోజే చెప్పారు. ఆవిడ ఆశ పెట్టే మనిషి కాదు. అందుకే నాకు ఆవిడ మీద నమ్మకం కుదిరింది.

అమ్మాయిది రైలు టికెట్ల కౌంటర్లో ఉద్యోగం. అద్దం అవతల వరుస కట్టిన జనాన్ని వదిలేసి గంటకు రెండుసార్లు లేచి పరుగెత్తే మనిషికి ఆ ఉద్యోగం ఎంతకాలం నిలుస్తుందో ఎవరైనా ఊహించుకోవచ్చు. ఇంటి నుంచి స్టేషనుకు వెళ్ళే దారిని తను దుకాణాలతో కాదు, మరుగుదొడ్లతో గుర్తు పెట్టుకుంది. ఏ ప్రెస్సు వాళ్ళు అడగగానే తాళంచెవి ఇస్తారు, ఏ మందుల షాపు వాళ్ళు మొహం మాడ్చుకుంటారు, అన్నీ తనకు కంఠతా వచ్చు. అవన్నీ చెప్పింది మామయ్యే. వాటిలో సగం వాడు బిగించినవే.

వాడంటే నా భార్య తమ్ముడు. పైపుల పని. వీధిలో చిన్నాపెద్దా అందరికీ కుళాయి మామయ్య. తల్లి లేని వాణ్ణి పెంచింది వాళ్ళక్కే. వాడు పెళ్ళి చేసుకోలేదు. అక్క ఇంటి పక్క గదిలో ఉండి, అక్క ఇంట్లో తింటూ బతికాడు.

నా భార్య పోయి ఇంకా ఏడాది కాలేదు. ఆ సంగతి ఇక్కడ రాయను. వాడి సంగతి రాస్తే చాలు. అక్క పోయాక వాడు పనిముట్ల సంచి మా మెట్ల కింద పడేసి, ఆ మెట్ల మీదే కూర్చున్నాడు. ఎవరింట్లో పైపు పగిలిందన్నా లేవలేదు. నేను బడికి వెళ్ళేటప్పుడు అక్కడే, వచ్చేటప్పుడు అక్కడే. చివరికి వాణ్ణి ఆ మెట్ల మీద నుంచి లేపింది డాక్టరమ్మ అడిగిన ప్రశ్న: ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళెవరు? నాకు చక్కెర, రక్తపోటు. నేను పనికిరానన్నారు. మిగిలింది వాడు.

ఆవిడ ఆ వైద్యమంతా వివరిస్తుంటే నేను నేల చూపులు చూశాను. వాడు మాత్రం కుర్చీ ముందుకు లాక్కుని, ఇన్నాళ్ళూ ఊళ్ళోవాళ్ళది బయటికి పంపడమే తన పనని, తన సరుకు కావాలని అడిగినవాళ్ళు ఇప్పటికి దొరికారని అన్నాడు. డాక్టరమ్మ నవ్వారు. అమ్మాయి కూడా నవ్వింది. అమ్మ పోయాక తను నవ్వడం నేను చూడటం అదే మొదలు. రక్తపరీక్షలు, మలపరీక్షలు అన్నీ అయ్యాక దాతగా పనికొస్తాడని కబురొచ్చింది. జీవితంలో మొదటిసారికే పాసైన పరీక్ష ఇదొక్కటేనని, అదీ చదవకుండా పాసయ్యానని, మాస్టారి బావమరిదినని ఇప్పుడు ధైర్యంగా చెప్పుకోవచ్చని వాడు వీధంతా చెప్పుకున్నాడు. ఏ పరీక్షో మాత్రం చెప్పలేదు.

అప్పటి నుంచి వాడు బయట తిండి మానేశాడు. చుట్ట మానేశాడు. పనిముట్ల సంచి మళ్ళీ భుజానికెత్తుకున్నాడు. మంగళవారం పొద్దున్నే మూత బిగించిన డబ్బాను మంచు సంచిలో పెట్టుకుని, గాజు సామాను మోస్తున్నట్టు బస్సెక్కేవాడు. రెండో వారానికి అమ్మాయికి రక్తం తగ్గింది. మూడో వారం స్టేషను దాకా ఎక్కడా ఆగకుండా నడిచి, లోపలికి వెళ్ళకుండా గేటు తాకి తిరిగి వచ్చింది. ఆ రోజు సాయంత్రం ఆ సంగతి చెబుతుంటే వాడు కిటికీ వైపు తిరిగి నిలబడ్డాడు.

ఇక ఇవాళ్టి సంగతి.

ఆసుపత్రి అడుగు అంతస్తులో ఆ విభాగం. నేలకు బిగించిన కుర్చీలు, గోడ పొడుగునా పైపులు, చివర చేతులు కడుక్కునే తొట్టి. డబ్బా తీసుకునే చిన్న కిటికీ దగ్గర సిస్టర్ ప్రతివారం అడిగే ప్రశ్నలే అడిగింది. జ్వరం వచ్చిందా, విరేచనాలయ్యాయా, మందులేమైనా వాడారా. వాడు ప్రతిదానికీ లేదన్నాడు. చదువు మీద ధ్యాస లేని పిల్లలు హాజరు పలికినట్టు, ప్రశ్న సగంలో ఉండగానే. అమ్మాయి గౌను వేసుకుని లోపలి గదికి వెళ్ళింది. వడకట్టడం అయ్యేదాకా మేమిద్దరం కూర్చోవాలి.

టీ తెచ్చాను. వాడు వద్దన్నాడు. బిస్కెట్టు ఇస్తే చేతిలో పట్టుకున్నాడు గాని తినలేదు. తొట్టి మీది కుళాయి చుక్క చుక్కగా కారుతోంది. వాడు కాసేపు ఓర్చుకుని, ఇది వింటూ కూర్చోవడం తన వల్ల కాదని లేచి వెళ్ళాడు. పట్టు దొరకడానికి గుడ్డ కావాల్సి వచ్చి జేబులోంచి చేతిగుడ్డ లాగాడు. దానితోపాటు చిన్న గుడ్డముక్క ఒకటి నేల మీద పడింది.

నేను వంగి తీశాను. నీలం గళ్ళ చొక్కాగుడ్డ. మధ్యలో ముడి ముద్ర ఇంకా ఉంది. ముడి మాత్రం విప్పి ఉంది.

మా ఇంట్లో ఆ గుడ్డ తెలియనివాళ్ళు లేరు. నా భార్య ఏ మందూ పారేసేది కాదు. నయమైపోయాక మిగిలిన మాత్రలు, గుళికలు చిన్న చిన్న మూటలు కట్టి బిస్కెట్ల డబ్బాలో వేసేది. ఒక్కో రోగానికి ఒక్కో గుడ్డ. దగ్గుకు బడి యూనిఫాం ముక్క, జ్వరానికి పాత దుప్పటి అంచు, పంటికీ చీముకీ తమ్ముడి నీలం గళ్ళ చొక్కా. అలా చేయకూడదని నేను ఎన్నిసార్లు చెప్పినా వినలేదు. ఒక్క విషయంలో మాత్రం ఆవిడ నాకంటే కఠినంగా ఉండేది. అమ్మాయి చిన్నప్పుడు పెన్సిలిన్ జాతి మందు ఒకటి వేస్తే ఒళ్ళంతా దద్దుర్లు లేచి గొంతు వాచింది. ఊపిరాడక నీలం తిరిగిపోతే ఎత్తుకుని పరుగెత్తాం. ఆ రోజు నుంచి, ఆ జాతి గుళికలే ఉండే నీలం గళ్ళ మూట అమ్మాయికి తగలకూడదు. ఆ మూట విప్పిన చేత్తో నీళ్ళగ్లాసు కూడా అందించనిచ్చేది కాదు.

ఆవిడ పోయాక ఆ డబ్బాను ఎవరూ తెరవలేదని నేను అనుకున్నాను. దాన్ని పారేయడం నావల్ల కాలేదు.

"ఇదెక్కడిది?" అన్నాను.

వాడు కుళాయి వైపే తిరిగి ఉన్నాడు. కారడం ఆగిపోయింది. అయినా చెయ్యి తీయలేదు.

"ఏరా, నిన్నే."

"పన్ను బావా," అన్నాడు.

తర్వాత సంగతి ముక్కలు ముక్కలుగా చెప్పాడు. గురువారం దవడ వాచిందట. మేం గమనించకుండా తువ్వాలు చుట్టుకుని, చలిగా ఉందన్నాడట. ఆ రోజు నేనే వాడికి శాలువా తెచ్చిచ్చాను. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్తే మందు రాస్తాడు, మందు రాస్తే ఇక్కడ దాతగా తీసేస్తారు, తీసేస్తే అమ్మాయికి కత్తి తప్పదు. ఇదీ వాడి లెక్క. అందుకని డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా అక్క డబ్బా తీశాడు. మూటలో ఉన్న గుళికలన్నీ పూటకొకటి చొప్పున మింగాడు.

"ఇందాక సిస్టర్ అడిగితే మందులేం వాడలేదన్నావు."

"వాడలేదుగా."

వాడే మళ్ళీ అందుకున్నాడు. "అక్క ఇచ్చేవి మందులేంటి బావా. చిన్నప్పట్నుంచి మింగుతున్నా. ఒక్కసారైనా మందు మింగుతున్నానని అనుకోలేదు. పన్ను నొప్పంటే నీలం మూట విప్పేది, చేతిలో పెట్టేది, నీళ్ళిచ్చేది. అంతే."

"అక్క ఇవ్వలేదురా. అక్క లేదు."

ఆ మాట అంత పొట్టిగా అనాల్సింది కాదు.

వాడు వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు. నేను గుడ్డముక్కను వాడి ముందు పెట్టి, ఇది అమ్మాయికి పడదని గుర్తుందా అని అడిగాను. గుర్తుందన్నాడు. గుర్తుండబట్టే తను ఒక్కడే గదిలో కూర్చుని మింగానని, చేతులు సబ్బుతో కడుక్కున్నానని చెప్పాడు.

"నేను మింగాను గాని, అది మింగలేదుగా బావా."

"నీలోంచి వెళ్ళేది దానిలోకేగా."

వాడికి అర్థం కావడం నా కళ్ళతో చూశాను. పాఠం అర్థమైనప్పుడు పిల్లల మొహాలు వెలుగుతాయి. ఇది అలాంటిది కాదు. వాడి చేతిలోని బిస్కెట్టు విరిగి ఒళ్ళో పడింది. దులుపుకోలేదు.

నేను లేచాను. వాడు నా చొక్కా కొస పట్టుకున్నాడు. పెళ్ళైన కొత్తలో నేను ఊరెళ్తుంటే చిన్నపిల్లాడిగా అలాగే పట్టుకునేవాడు. ఇవాళ్టి డబ్బా పారబోయించమన్నాడు. కడుపు బాగాలేదని తనే చెబుతానన్నాడు. కానీ గుళికల సంగతి మాత్రం చెప్పొద్దన్నాడు. వచ్చే మంగళవారానికి ఒళ్ళు శుభ్రపడుతుంది, మళ్ళీ మామూలుగా తెస్తాను, అమ్మాయి సగం మానింది, సగంలో ఆపితే పాపం కాదా అన్నాడు. ఇదంతా గొంతు పెంచకుండా, కిటికీ వైపు చూస్తూ, గబగబా.

"ఎక్కించేది జీవాల్నే కదరా. ఆ గుళిక చంపేదీ జీవాల్నే. వచ్చే వారం నువ్వు తెచ్చేది వట్టి సరుకు. వదులు."

వదిలాడు.

కిటికీ దగ్గరికి వెళ్ళి సిస్టర్‌కి చెప్పాను. మాటలు వరుసగానే వచ్చాయి. తను సగం విని, మిగతాది వినకుండానే లోపలికి పరుగెత్తింది. అప్పటికే వడకట్టి, గొట్టానికి తగిలించే సంచిలో పోసేశారట. డాక్టరమ్మ మాస్కు గడ్డం కిందికి లాక్కుని బయటికొచ్చారు. ఏ గుళిక, ఏ రంగు, ఎప్పటి నుంచి అని వాణ్ణి నిలబెట్టి అడిగారు. వాడు అన్నిటికీ ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆవిడ తిరిగి లోపలికి వెళ్ళారు. తెరిచిన తలుపులోంచి, ఆవిడ ఆ సంచిని తన చేత్తోనే చెత్త వేసే పసుపు బుట్టలో వేయడం కనిపించింది.

వచ్చాక, అందులో మందు ఎంత మిగిలి ఉండేదో చెప్పలేనని, ఏమీ మిగలకపోయి కూడా ఉండొచ్చని, కానీ పడనివాళ్ళకు రవ్వంత చాలని అన్నారు. ఇంకో మూడు నెలలు కనీసం, వాడు దాత కాడు. ఆ తర్వాత కూడా పరీక్షలన్నీ మొదటి నుంచి. నిల్వ ఉంచుకునే ఏర్పాటు ఇక్కడ లేదు గనక పాతవారాల సరుకు కూడా లేదు.

"తిట్టండి డాక్టరమ్మా," అన్నాడు వాడు.

"తిట్టే ఓపిక లేదు. నోరు తెరవండి."

చిన్న టార్చి వేసి చూశారు. ఆ పన్ను ఇవాళే పీకించుకోవాలని, పై అంతస్తులో పళ్ళ డాక్టరు ఉన్నారని చెప్పారు. తర్వాత నన్ను పక్కకు పిలిచారు. కొత్త దాతను వెతికి పరీక్షలు చేయించడానికి వారాలు పడుతుంది. సర్జన్ గారి తేదీ అంతకంటే దగ్గరలో ఉంది. ఆయనను మరోసారి ఆగమని అడగాలంటే ఒక్క కారణమే ఉంది: పని చేస్తోంది, మానుతోంది. అది ఉంటే అడుగుతాను, అది చాలు అన్నారు. అమ్మాయికి జరిగింది చెప్పాలి. మేం ముగ్గురం లోపలికి వెళ్ళాం.

అమ్మాయి పక్కకు తిరిగి, మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని పడుకుని ఉంది. గొట్టం ఎక్కించుకునే పద్ధతి అదే. తలుపు చప్పుడు విని, ఈసారి చల్లగా లేకుండా చూడండి సిస్టర్ అంది. మమ్మల్ని చూసి దుప్పటి లాక్కుంది.

డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పారు. వాడి పేరు ఎత్తకుండానే చెప్పడానికి చూశారు గాని, వాడే ముందుకొచ్చి, నేనేనమ్మా, అమ్మ డబ్బాలోవి తిన్నాను అన్నాడు.

అమ్మాయి చాలాసేపు వాడి దవడ వైపు చూసింది.

"నీలం మూటా?"

వాడు తలూపాడు.

"దాంట్లో ఇంకా ఉన్నాయా?"

"ఇప్పుడు లేవు."

తను కళ్ళు మూసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో పోల్చుకోలేకపోయాను. తర్వాత డాక్టరమ్మతో, ఆవిడ వైపు మాత్రమే చూస్తూ అంది. "మామయ్య గురువారం వేసుకున్నాడు కదా. నాకు అంతకుముందు సోమవారం నుంచే మళ్ళీ రక్తం పడుతోంది. మీరు బాధపడతారని చెప్పలేదు. ఇది ఎప్పుడో ఆగిపోయింది డాక్టరమ్మా. మామయ్య వల్ల కాదు."

వాడి మొహం మీద ముందు ఊరట కనిపించింది. మరుక్షణమే, ఊరట కలిగినందుకు సిగ్గు. వాడు గోడకు చేరబడ్డాడు.

ఎంత రక్తం, ఎన్నిసార్లు అని డాక్టరమ్మ అడిగారు. మునుపటిలాగే అంది అమ్మాయి. సన్నని గొట్టం కెమెరాతో ఇప్పుడే ఒకసారి లోపల చూస్తానన్నారు ఆవిడ. అమ్మాయి ఒప్పుకోలేదు. ఇవాళ ఇంకేదీ లోపలికి పోనివ్వనని, రెండేళ్ళుగా ఎవరెవరో చూస్తూనే ఉన్నారని, తన మాట చాలదా అని అడిగింది. కోపంగా కాదు. కౌంటర్ మూసేసే వేళ చివరి మనిషికి చెప్పినట్టు చెప్పింది.

అలాగైతే సర్జన్ని ఆగమనడానికి తన దగ్గర కారణం లేదని, ఆయన తేదీ ఖాయం చేసుకుంటారని డాక్టరమ్మ చెప్పారు. ఆయనతో మాట్లాడి వస్తానని వెళ్ళారు. వాణ్ణి కూడా భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకెళ్ళారు.

నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

మా ఇంట్లో స్నానాలగది మూల ఒక ప్లాస్టిక్ బకెట్ ఉంది. రక్తం మరకలు వేడినీళ్ళలో పోవు, చన్నీళ్ళలో నానేయాలి. ఈ సంగతి నా భార్యకు తెలుసు. ఆవిడ తర్వాత నేను తెలుసుకున్నాను. పొద్దున్నే బడికి వెళ్ళే ముందు అమ్మాయి పక్కదుప్పటి ఆ బకెట్లో నానేసి, సాయంత్రం వచ్చి ఉతికేవాణ్ణి. ఆ బకెట్ చాలా రోజులుగా బోర్లించే ఉంది. అడుగున దుమ్ము కూడా పట్టింది.

"బకెట్ బోర్లించే ఉందమ్మా," అన్నాను.

తను నా వైపు తిరిగింది. మందులకు ఉబ్బిన మొహం ఈ నెలలో కొంచెం దిగింది. దవడ ఎముక మళ్ళీ కనిపిస్తోంది. అమ్మ దవడే.

"నువ్వు ఉతుకుతావని మర్చిపోయాను," అంది.

తర్వాత మాట్లాడినదంతా పైకప్పు వైపు చూస్తూనే. రక్తం లేదట. ఒక్క చుక్క లేదట. రెండు వారాలుగా రాత్రి లేవకుండా నిద్రపోతోందట. పొద్దున లేవగానే ఏదో పని మర్చిపోయినట్టు అనిపిస్తోందట. పోయిన ఆదివారం బాత్రూంలో కూర్చుని, ఏమీ జరగనందుకు ఏడ్చిందట.

"మరి ఎందుకలా చెప్పావు?"

"మామయ్యకి ఏం చెబుతాం నాన్నా? పని చేస్తున్నదాన్ని నీ చేత్తో నువ్వే చెడగొట్టావని చెబుతామా? మళ్ళీ వెళ్ళి మెట్ల మీద కూర్చుంటాడు. ఈసారి లేవడు."

"అందుకని పేగు ఇచ్చేస్తావా?"

"ఎలాగూ అడుగుతూనే ఉన్నారుగా." దుప్పటి కొస వేలికి చుట్టుకుంది. "మామయ్య కోసం ఒక్కటే కాదులే. కొత్త మనిషి, కొత్త పరీక్షలు, మళ్ళీ మంగళవారాలు. బాగాలేకపోవడం నాకు అలవాటైంది నాన్నా. బాగుంటానేమో అని ఎదురుచూడటమే నావల్ల కావట్లేదు. తీసేస్తే ఒక పనైపోతుంది."

పేగు తీయించుకుని, పొట్టకు సంచి కట్టుకుని చక్కగా బతుకుతున్నవాళ్ళున్నారు, నాకు తెలుసు. అవసరమైతే ఆ ఆపరేషన్‌కు నేనే సంతకం పెడతాను. కానీ మానుతున్న పేగును, మానడం లేదని చెప్పి కోయించుకోవడానికి?

తను చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది. డాక్టరమ్మకు చెప్పనని మాటివ్వమంది. మామయ్యకైతే అసలే వద్దంది. నేను దుప్పటి సర్ది, జారిపోయిన దిండు తల కిందికి జరిపాను. తను మళ్ళీ అడిగింది. మళ్ళీ దుప్పటే సర్దాను.

తలుపు తట్టి డాక్టరమ్మ వచ్చారు. ఫోను చెవికి దూరంగా, అరచేత్తో మూసి పట్టుకున్నారు. సర్జన్ గారు లైన్లో ఉన్నారని, అనుకున్న తేదీకే ఖాయం చేయమంటున్నారని, చేయమంటారా అని అమ్మాయిని అడిగారు.

"చేయండి," అంది అమ్మాయి.

ఆవిడ వెంటనే ఫోనులో మాట్లాడలేదు. నా వైపు చూశారు. ఆశ పెట్టని మనిషి అని ఇందాక రాశాను. అప్పుడు ఆవిడ కళ్ళలో ఏదో అడుగుతున్నట్టే ఉంది.

"ఒక్క నిమిషం ఆగమనండి," అన్నాను. "ముందు మా బావమరిదిని లోపలికి పిలవండి."

"నాన్నా," అంది అమ్మాయి. నా మణికట్టు మీద తన వేళ్ళు బిగిశాయి. "మాటిచ్చావు."

ఇవ్వలేదు. అది మా ఇద్దరికీ తెలుసు.

వాడు వచ్చాడు. పైకి వెళ్ళి పన్ను పీకించుకున్నట్టు లేదు, దవడ ఇంకా అలాగే ఉంది. గుమ్మంలోనే ఆగి, మేనకోడలి మొహం చూసి, తర్వాత నా మొహం చూశాడు. డాక్టరమ్మ తలుపు మూశారు. ఫోనులో ఎవరో హలో, హలో అంటున్నారు.

నేను స్టూలు మీద నుంచి లేచి, దాన్ని వాడి వైపు జరిపాను.

"కూర్చోరా," అన్నాను. "నిలబడి వినే మాట కాదు."